పొయ్యికొక కుటుంబం

పాత ఇల్లు, వంటగది గుమ్మం దగ్గర
ఎండలు ముదరకముందు

ఏమే చెల్లీ,

క్షేమంగా చేరామని మరిది ఒక ముక్క రాశాడు. నువ్వు మాత్రం రాయలేదు. నిజంగానే గొడవపడ్డామనుకున్నావా ఏం?

మన ఓనరమ్మ అయితే నమ్మేసింది. నువ్వు సామాను బండిలో ఎక్కించుకుని వెళ్లిన దగ్గర్నుంచి గోడవతల నుంచి దగ్గుకుంటూ రావడం, "తోడికోడళ్లన్నాక మామూలేనమ్మా, రెండు కొప్పులు ఒకచోట ఇమడవు" అని నన్ను ఓదార్చడం. నేను తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంటున్నాను. ఏడుస్తున్నాననుకుంటోంది పాపం.

ఆ రోజూ అంతే కదా. పంపు తిప్పి, నీళ్ల చప్పుడులో ఎన్నిసార్లు వల్లెవేసుకున్నాం! పెద్ద గిన్నె గురించి నేను ఎత్తుకోవాలి, "అది మా డబ్బుతో కొన్నది" అని నువ్వనాలి, "అయితే నెత్తిన పెట్టుకుని ఊరేగు" అని నేననాలి, నువ్వు దాన్ని నేలకేసి కొట్టాలి. తీరా కొట్టే వేళకు, సొట్ట పడుతుందేమోనని మెల్లగా కింద పెట్టావు చూడు, అక్కడ నాకు నవ్వాగలేదు.

ఏం చేస్తాం. మిల్లు మూతపడి అన్నదమ్ములిద్దరూ ఇంట్లో కూర్చున్నారు. ప్రభుత్వం అద్దె సాయం ఇస్తానంది, అదీ పొయ్యికొకటి. ఒక పొయ్యి మీద వండుకుతినేవాళ్లంతా ఒక కుటుంబమట. ఆ ఒక్క సాయంతో ఈ ఇంటి అద్దె సగం కూడా తీరదు. పోనీ వేరుపడదామంటే, సాయం కోసం వేరుపడినట్టు నటించేవాళ్లు ఎక్కువయ్యారని, నిజంగా ఒకరితో ఒకరికి పడకే విడిపోయారని ఇరుగుపొరుగు చెబితేగాని ఇవ్వరట. మన ఇరుగూ పొరుగూ ఓనరమ్మ ఒక్కతే. మీ గదికి ఆమె తాళం వేసుకుంది, అద్దె ఆ మేరకు తగ్గించింది.

ఫోన్ చెయ్యకు. మన గోడల సంగతి నీకు తెలుసు, ఇటు తుమ్మితే అటు చిరంజీవ అంటారు. ఉత్తరాలు రాయి, పోస్టాఫీసుకు నేనే వెళ్లి తెచ్చుకుంటాను. పిట్టకు కూడా నిజం చెప్పలేదు. ఎనిమిదేళ్ల పిల్ల, దాని నోట్లో నువ్వుగింజ నానదు. పిన్ని అలిగి వెళ్లిందనుకుంటోంది.

ఒక్క సంగతి అడగనా? గిన్నె కింద పెట్టాక నువ్వొక మాటన్నావు. "ఈ ఇంట్లో నేనెప్పుడూ అద్దెకున్నట్టే ఉన్నాను" అని. అది మనం అనుకున్న మాట కాదు. నేను తర్వాత అనాల్సింది మర్చిపోయి అలాగే నిలబడిపోయాను. ఓనరమ్మకు మాత్రం అదే బాగా నాటింది. ఎక్కణ్ణుంచి తెచ్చావే?

మీ అక్క

*

కొత్త గది, కిటికీ పక్కన
ఎండల్లో

అక్కా,

ఆలస్యమైంది, కోప్పడకు. గది సర్దుకోవడంతోనే సరిపోయింది. సర్దడానికి ఏముందని అడుగుతావు, నిజమే. ఒక గది, దాని ముందు వరండా, వరండా మూల పొయ్యి. కిటికీ తీస్తే ఎదురింటి గోడ. ఆ గోడ మీద ఎవరో పిల్లలు బొగ్గుతో ఒక గుర్రం బొమ్మ వేశారు, దానికి అయిదు కాళ్లున్నాయి. పిట్ట చూస్తే ఎంత నవ్వేదో.

ఆయనకు కూరగాయల మార్కెట్లో మూటలు దింపే పని దొరికింది. రోజూ ఉండదు, లారీ వస్తే ఉంటుంది. మిల్లులో దారపు కండెలు సర్దిన చెయ్యి కదా, మొదటివారం భుజం వాచిపోయింది. అక్కడ మూటలు మోసేవాళ్లకు మధ్యాహ్నం తిండి దొరకదట. మిల్లు నడిచినన్నాళ్లూ క్యాంటీన్లో నువ్వు వండిన కూరల గురించి చెప్పి వాళ్లను ఊరించి వస్తున్నారు మీ మరిది. ఉత్తి కడుపుతో ఆ కథలు వినేవాళ్ల ఉసురు తగులుతుందని చెప్పాను.

నేను మిషను కిటికీ కింద వేసుకున్నాను. కొత్తబట్టలు ఎవరూ కుట్టించుకోవడం లేదు. పెద్దవాళ్ల చొక్కాలు కోసి పిల్లలకు కుట్టమని తెస్తున్నారు. ఈ వీధిలో చాలామంది మనలాగే వచ్చినవాళ్లు. అందరి తలుపుల మీదా అద్దె సాయం చీటీ అంటించి ఉంటుంది.

ఇద్దరికి వండడం రావడం లేదక్కా. అయిదుగురికి అలవాటైన చెయ్యి. రోజూ మిగులుతోంది, మర్నాడు అదే తింటున్నాం. మొన్న తెలియకుండా అయిదు కంచాలు తీశాను. ఆయన చూసి మూడు తీసి లోపల పెట్టేశారు.

పిట్టకు జడ ఎవరేస్తున్నారు? నువ్వు గట్టిగా లాగుతావు. దానికి ఎడమపక్కన సుడి ఉంటుంది, అక్కడ కాస్త తడి చేసి దువ్వాలి. బడికి వెళ్లేటప్పుడు నన్ను అడుగుతోందా?

బావగారిని అడిగానని చెప్పు.

నీ చెల్లి

*

పాత ఇల్లు
తొలి వానలు

చెల్లీ,

అద్దె సాయం తనిఖీకి మా ఇంటికి పొయ్యిలాయన వచ్చాడు. ఆయన ఉద్యోగానికి ఏదో పెద్ద పేరుంది గాని వీధిలో అందరూ అలాగే పిలుస్తున్నారు. వచ్చీరాగానే పొయ్యి మీద అరచెయ్యి ఆనించి చూశాడు, వెచ్చగా ఉందో లేదోనని. గోడ మీద మసి గోకి చూశాడు. తర్వాత మన పెద్ద గిన్నె ఆయన కంటబడింది.

"ముగ్గురికి ఇంత గిన్నె దేనికమ్మా?" అన్నాడు.

"దీని గురించే మేం గొడవపడింది సార్" అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట!

ఇక ఓనరమ్మ అందుకుంది చూడు. గోరంతను కొండంత చేసింది. నువ్వు ఆ గిన్నెతో నా తల పగలగొట్టబోయావట, తను అడ్డం రాకపోతే నేను ఈపాటికి గోడమీద ఫొటోలో ఉండేదాన్నట. ఆయన నీళ్లడిగి తాగాడు. మనిషి చెడ్డవాడు కాదులే. చెప్పులు అరిగిపోయి ఉన్నాయి, తనదీ అద్దె ఇల్లేనన్నాడు. కాకపోతే వెళ్తూ వెళ్తూ, "ఇంకోసారి వచ్చి చూశాకే ఖాయం చేస్తాం, అప్పటిదాకా మీకూ వాళ్లకూ రాకపోకలుంటే కలిసి ఉన్నట్టే లెక్క" అన్నాడు. వాళ్ల ఊళ్లో కూడా అడిగి కనుక్కుంటారట. అందుకని రావద్దు. నేనూ రాను.

మీ బావగారు రోజూ పొద్దున్నే మిల్లు గేటు దాకా వెళ్లి వస్తున్నారు. తాళం వేసిన గేటును చూసి ఏం లాభమని నేననను. ఇన్నేళ్లూ రంగుల తొట్లలో నానిన గోళ్లు కదా, ఆ నీలం ఎంత రుద్దినా పోయేది కాదు. ఇప్పుడు దానంతటదే పోతోంది. మొన్న వేళ్లు చాచి చూసుకుంటూ కూర్చున్నారు. నేను వేరే పనేదో ఉన్నట్టు లోపలికి వెళ్లిపోయాను.

పిట్ట నిన్ను అడగడం లేదు. అడిగితే బాగుండేది. మీ గది ముందు నీ స్టూలు ఉంది చూడు, దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వదు. నేను జడ వేస్తానంటే తనే రిబ్బనుతో ముడేసుకుని పోతోంది.

నేనడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. గుర్రానికి ఎన్ని కాళ్లో రాశావు.

మీ అక్క

*

కొత్త గది
వానల్లో

అక్కా,

రాయకూడదనుకున్నాను. నువ్వు వదిలేలా లేవు కాబట్టి రాస్తున్నాను.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో చూపించావు. గోడ గూట్లో, పైన. నేను పొట్టిదాన్ని, మునివేళ్ల మీద నిలబడి అందుకోవాలి. ఒకసారి దాన్ని పొయ్యి పక్కకు తెచ్చి పెట్టుకున్నాను. నువ్వు ఒక్క మాట అనలేదు, మళ్లీ గూట్లో పెట్టావు. ఇంకోసారి తెచ్చాను. మళ్లీ గూట్లోకి వెళ్లింది. ఆ తర్వాత నేను దేన్నీ జరపలేదు. మా గదిలో మేకు కొట్టాలన్నా నిన్నడిగేదాన్ని. నువ్వెప్పుడూ కాదనలేదు, అది నిజం. కానీ సొంతింట్లో ఉన్నవాళ్లు అడగరు కదక్కా. అద్దెకున్నవాళ్లే అడుగుతారు.

పిట్టను ఒళ్లో కూర్చోబెట్టుకుంటే "పిన్ని దొరికితే అమ్మ అక్కర్లేదులే" అని నవ్వేదానివి. నాకు పిల్లల్లేరని నువ్వెప్పుడూ దెప్పలేదు. ఆ నవ్వు విన్నప్పుడు మాత్రం దాన్ని దింపేసేదాన్ని.

ఆ రోజు గిన్నె కింద పెట్టాక ఏమనాలో నాకు గుర్తుకు రాలేదు. నోట్లోంచి అదొచ్చింది.

ఇక్కడికి వచ్చాక ఉప్పు డబ్బా నా చేతికందేలా పొయ్యి పక్కనే పెట్టుకున్నాను. మేకులు కొట్టాను, అవసరం లేనివి కూడా. ఎవర్నీ అడగలేదు. ఎంత బాగుందో! ఆ బాగుండటం ఎన్నాళ్లో ఉండలేదు. కూర దింపేటప్పుడు చెయ్యి దానంతటదే పైకి వెళ్తోంది, లేని గూటి దగ్గరికి. "అక్కా, ఉప్పు చూడు" అని పిలిచాను నిన్న. పిలిచి, పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. నీ మీద కోపమూ ఉంది, నువ్వు లేవన్న బెంగా ఉంది. ఏది ముందో నాకు తెలియడం లేదు.

నీ చెల్లి

*

పాత ఇల్లు

ఉత్తరం అందింది.

అద్దెకున్న ఇంటి మీద అంత బెంగ దేనికో నాకు తెలియదు. ఉప్పు డబ్బా సంగతి నాకు గుర్తే లేదు. ఇన్నేళ్లు మనసులో పెట్టుకున్నదానివి, ఒక్కరోజు నోరు తెరిచి చెబితే నీ సొమ్మేం పోయేది? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు, అందుకని ఎక్కువ రాయను.

ఇక్కడ అందరం బాగున్నాం. పొయ్యిలాయన మళ్లీ రాలేదు. జడ నేనే వేస్తున్నాను.

పిట్ట వాళ్లమ్మ

*

కొత్త గది
ముసురు పట్టింది

అక్కా,

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. నీ ఉత్తరం చదివాక ఉండలేకపోయాను. ఆయనకు కూడా చెప్పకుండా తెల్లారుతూనే బస్సెక్కి మన ఊరొచ్చాను.

ఇంటికి రాలేదు, భయపడకు. వస్తే ఓనరమ్మ చూస్తుంది, సాయం పోతుంది. ఆ మాత్రం బుద్ధి ఉంది. బడి ఎదురుగా పుస్తకాల కొట్టు లేదూ, దాని పక్కన గొడుగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. ఒక్కసారి చూసి పోదామని. గంట కొట్టారు, పిల్లలందరూ బిలబిలమంటూ వచ్చారు. పిట్ట చివర్న వచ్చింది. పాపిడి వంకర. ఒక జడ పైన, ఒక జడ కింద. సంచీ పట్టీ తెగితే ముడివేసుకుంది. నా సూది నా సంచిలోనే ఉంది అక్కా, రెండు కుట్లు వేస్తే సరిపోయేది.

అది తలెత్తి ఇటు చూసినట్టే అనిపించింది. నేను కొట్టు వెనక్కి తప్పుకున్నాను. ఒక్క అడుగు ముందుకు వేస్తే మీకు రావాల్సింది పోతుంది. ఆ అడుగు వెయ్యకుండా ఉండటానికి కొట్టు గోడను పట్టుకుని నిలబడ్డాను. చూసేసరికి వీధి ఖాళీ. మళ్లీ బస్సెక్కాను.

నా మీద కోపముంటే తిట్టు. "పిట్ట వాళ్లమ్మ" అని రాశావు. ఉత్తరం కింద నువ్వు "మీ అక్క" అని రాయకపోతే, ఈ ఊళ్లో నేనెవరి మనిషిని?

చెల్లి

*

పాత ఇల్లు, ఖాళీ వంటగది
చలి మొదలైంది

చెల్లీ,

ఇది కాస్త పెద్ద ఉత్తరం, కూర్చుని చదువు.

పొయ్యిలాయన నిన్న వచ్చాడు. పొయ్యి చూశాడు, కంచాలు చూశాడు, ఓనరమ్మ చెప్పింది విన్నాడు. నన్నేమీ అడగలేదు. గుమ్మంలో కూర్చున్న పిట్టను చూసి, "మీ పిన్ని వస్తూంటుందా పాపా?" అని అడిగాడు.

దానికి మనం నేర్పింది ఏమీ లేదు, ఏం చెబుతుందో తెలియదు. అది ఆయన మొహంలోకి చూసి చెప్పింది. "ఒకసారి బడి దగ్గరికి వచ్చింది. నన్ను చూసి దాక్కుంది. పిన్నికి నేనంటే ఇష్టం లేదు."

అంతే. ఏడవను కూడా లేదు. ఈ సంగతి ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకుని తిరిగింది. నోట్లో నువ్వుగింజ నానదని రాశాను చూడు, నా కూతురు నాకే తెలియదు.

ఆయన కలం తీశాడు. "చాలమ్మా, ఇంకేం అడగను" అని సంతకం పెట్టాడు. సాయం ఖాయమైంది. ఎన్ని నెలల నుంచి ఎదురుచూసిన సంతకం! దేని మీద వచ్చిందో తెలుసా? నా పిల్ల తనంటే పిన్నికి ఇష్టం లేదనుకోవడం మీద. ఆయన మెట్లు దిగేదాకా ఆగాను. తర్వాత నా వల్ల కాలేదు. వీధి మలుపు దాకా పరిగెత్తుకెళ్లి పట్టుకున్నాను.

"సార్, అది కొట్టేయండి" అన్నాను.

"అదేంటమ్మా, వచ్చేనెల నుంచే చేతికందుతుంది కదా."

"మేం విడిపోలేదు. మేం వేరుపడితే తప్ప మీరు ఇవ్వరని నటించాం. ఇక చేతకాదు. చెల్లి దగ్గరికే వెళ్లిపోతాం."

తిడతాడనుకున్నాను. ఆయన అరిగిన చెప్పుల వంక చూసుకుని, "నేనూ మా అన్నయ్యా కూడా ఇలాగే వేరుపడ్డామమ్మా. మళ్లీ కలవలేదు" అన్నాడు. "ఈ కాగితం ఇంకా పైకి పోలేదు. మీరు ఇల్లు ఖాళీ చేశారని రాసుకుంటాను. ఎక్కడ ఉంటే అక్కడ ఒక్క పొయ్యి అని చెప్పుకోండి, తప్పు లేదు" అన్నాడు.

ఇంటికొచ్చి పిట్టకు అంతా చెప్పాను. ముందు నన్ను కొట్టింది, రెండు పిడికిళ్లతో. తర్వాత అడిగింది, "అయితే పిన్ని కోపం అబద్ధమా?" అవునన్నాను. "మరి నువ్వు రోజూ తువ్వాలు మొహానికి పెట్టుకుని ఏడవడం?" మొదట్లో అబద్ధమే, తర్వాత నిజమని చెప్పాను. అది లేచి వెళ్లి నీ స్టూలు తెచ్చి సామానులో పెట్టింది.

ఇక నీ ఉప్పు డబ్బా. గుర్తు లేదని రాశాను, ఆ కోపంలో రాశాను. దాన్ని గూట్లో ఎందుకు పెట్టేదాన్నో తెలుసా? పొయ్యి పక్కన పెడితే ఆవిరికి ఉప్పు నీరు కారుతుంది. అంతేనే. ఒక్క ముక్క, చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదు. తీసి పైన పెట్టడమే తెలిసింది నాకు. నువ్వు మునివేళ్ల మీద నిలబడటం రోజూ చూశాను, అది నీ ఎత్తు అనుకున్నాను గాని నా గూడు అనుకోలేదు.

మీ గది ఇరుకని తెలుసు. మీ బావగారు అప్పుడే మొదలుపెట్టారు: "ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని ఊరికే అన్నారా? ఇప్పుడు మర్కటాలు రెండు" అని. చాలా రోజులకు ఆ మనిషి నోట హాస్యం విన్నాను. ఒక్క అద్దె, ఒక్క సాయం. మార్కెట్లో మూటలు మోసేవాళ్లకు మధ్యాహ్నం తిండి దొరకదన్నావు కదా. పెద్ద గిన్నె తెస్తున్నాను. ముగ్గురికి అది పెద్దదే. అక్కడికి చాలుతుందో లేదో చూద్దాం.

పొయ్యి మాత్రం తేవడం లేదు. పొద్దున్నే అమ్మేశాను. వంటగదిలో దాని కాళ్ల గుర్తులు నాలుగు మిగిలాయి. ఓనరమ్మ వచ్చి చూసి, "పొయ్యి లేకుండా ఎలా బతుకుతావమ్మా?" అంది. "మా చెల్లెలి దగ్గర ఉందమ్మా" అన్నాను. ఆమె నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. ఇన్నాళ్లకు గోడవతల నుంచి దగ్గు వినపడలేదు.

అద్దెకున్నట్టు ఉన్నానన్నావు. ఇప్పుడు నేనొస్తున్నాను నీ ఇంటికి. ఏది ఎక్కడ పెట్టాలో నువ్వు చెప్పు. మేకు కొట్టాలన్నా నిన్నే అడుగుతాను. రావచ్చునా?

మీ అక్క

*

కొత్త గది, వరండా

అక్కా,

ఈ ఉత్తరం నువ్వు బయల్దేరేలోగా అందాలని ఆయన చేత పరిగెత్తించి పోస్టు చేయిస్తున్నాను. రావచ్చునా అని అడుగుతావా? నీకు సిగ్గు లేదా?

వరండాకు తడిక కట్టించారు ఆయన. పిట్టకు కిటికీ పక్కన చోటు, గుర్రం కనపడేలా. దాని సంచీ పట్టీకి రంగు దారం తీసి పెట్టాను. ఉప్పు డబ్బా మాత్రం పొయ్యి పక్కన నుంచి తీసేశాను. నువ్వన్నట్టు నిజంగానే నీరు కారింది, నేను వానాకాలం కదా అనుకున్నాను. నా చేతికందే ఎత్తులో, ఆవిరి తగలనంత దూరంలో బావగారి చేత గూడు పెట్టిద్దాం.

ఇక్కడ పొయ్యి చూసే ఆవిడ నిన్న వచ్చింది. పొయ్యి మీద చెయ్యి పెట్టి చూసి, "ఎంతమందమ్మా?" అని అడిగింది.

"అయిదుగురం" అన్నాను.

అటూ ఇటూ చూసింది. "ఇద్దరేగా ఉన్నారు?"

"ముగ్గురు దారిలో ఉన్నారు. పొయ్యి ఒక్కటే రాసుకోండి."

రాసుకుంటూ రాసుకుంటూ కలం ఆపి అడిగింది, "ఆ వచ్చే ముగ్గురూ మీ దగ్గర అద్దెకుంటారా?"

"కాదండీ, మా ఇంట్లోవాళ్లు" అన్నాను.

నీ చెల్లి